ఇసకలపేట మీద పచ్చచుక్క

స్టాన్లీ పొద్దున్నే ప్రార్థన చేసుకోవడం ఎప్పుడైనా మరిచిపోయాడేమో గానీ, నాలుగు ఫోన్లకి ఛార్జింగ్ పెట్టడం మాత్రం పదకొండేళ్ళలో ఒక్కరోజూ మరవలేదు. నాలుగు ఫోన్లు, నాలుగు సిమ్ములు. కారు ముందద్దం కింద వాటిని వరసగా నిలబెట్టి, పక్కసీట్లో లాప్‌టాప్ తెరిచి, శ్రీకాకుళంలో బయల్దేరతాడు. ఇక దారి పొడుగునా ఆ ఫోన్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, ఎవరూ చూడని వీడియోలు దించుకుంటాయి, ఎవరికీ అక్కర్లేని ఫైళ్ళు పైకి పంపుతాయి. ఎంత వేగంగా దిగింది, మధ్యలో ఎన్నిసార్లు తెగింది, అడిగిన ఎంతసేపటికి జవాబొచ్చింది, అన్నీ లాప్‌టాప్ రాసుకుంటుంది. మ్యాపు మీద రోడ్డు వెంట చుక్కలు పడతాయి. బాగుంటే పచ్చచుక్క, ఓ మాదిరైతే పసుపు, బాగోకపోతే ఎరుపు. అసలు సిగ్నలే లేకపోతే చుక్కే పడదు. కంపెనీ ఆ చుక్కల్ని చూసే ఎక్కడ టవరు కట్టాలో తేలుస్తుంది.

"వాడుకునే మనిషికి నెట్ ఎలా అందుతోందో కొలిచే ఉద్యోగం" అని వాళ్ళావిడ షాలిని చుట్టాలకి గొప్పగా చెబుతుంది. "మరి మా ఇంట్లో రాదేం?" అని చుట్టాలు అడుగుతారు. ప్రతీ పెళ్ళిలోనూ ఇదే గోల.

అక్టోబరు మూడోవారం దాటింది. బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం పోతే ఇంకోటి దాపురిస్తున్న రోజులు. విజయనగరం ఆఫీసు నుంచి మేనేజరు కళ్యాణ్ ఫోన్ చేశాడు.

"స్టాన్లీ, కళింగపట్నం అవతల ఇసకలపేట అని ఉంది చూడు, వాళ్ళు మళ్ళీ అర్జీ పెట్టారయ్యా. టవరు కావాలట. ఇది నాలుగోసారి. మన మ్యాపులో చూస్తే ఊరు పచ్చగా నిగనిగలాడిపోతోంది. మూడేళ్ళ కిందట కొలిచింది నువ్వే. జనం ఫోన్ల నుంచి నెలనెలా వచ్చే లెక్కలు కూడా అలాగే ఉన్నాయి. ఓసారి వెళ్ళొచ్చి, మార్పేమీ లేదని రాసిచ్చెయ్."

"అలాగే సార్."

"ఒకటో తారీకుకి నీ భోగాపురం ఆర్డరు చేతికొస్తుంది. కొత్త ఎయిర్‌పోర్టు, పర్మనెంటు పని. ఏసీలో కూచుని కొలుచుకోవచ్చు. ఈ పదిరోజులూ ఎక్కడా గొడవ పెట్టుకోకు నాయనా."

కళింగపట్నం దాటాక తారురోడ్డు సరుగుడు తోట మొదట్లోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఇసుకలో నడక. కారు పోని చోట ఫోన్లని సంచిలో వేసుకుని వీధివీధీ నడిచి కొలవాలని రూలు. స్టాన్లీ సంచి భుజాన వేసుకుని నడిచాడు. తోటలో చుక్క పడలేదు. తోట దాటి మొదటి వీధిలోకి వచ్చాడు, అక్కడా పడలేదు. రెండో వీధిలోనూ లేదు. మ్యాపు తెల్లగా, ఖాళీగా ఉంది. వీధుల్లో మనుషులు కూడా లేరు. ఓ ముసలాయన మాత్రం గుమ్మంలో కూచుని వల బాగు చేసుకుంటున్నాడు. రేషన్ డిపో దగ్గర మలుపు తిరిగేసరికి ఊరంతా అక్కడే ఉంది. సంచిలో నాలుగు ఫోన్లూ ఒక్కసారిగా గణగణమన్నాయి.

డిపో ముందు ముక్కాలిపీట మీద చిన్నతల్లి కూచుని ఉంది.

చిన్నతల్లి ఒంటిమీద సిగ్నలు ఉంటుంది. ఒకప్పుడు తుఫానుకి అటువైపు టవరు కూలిన మర్నాటి నుంచీ అలాగే ఉంది. ఆవిడ చుట్టూ పది బారల మేర నాలుగు గీతలూ నిండుగా వస్తాయి, ఆ మేర దాటితే ఒక్క గీతా రాదు. కొందరు పెట్టిన ఆవకాయ రెండేళ్ళు నిలవుంటుంది, కొందరు పాతిన ములగకొమ్మ రాతినేలలోనూ చిగురేస్తుంది, ఈవిడకి ఇదీ. ఇసకలపేటలో దీన్ని గురించి ఆశ్చర్యపోయే తీరిక ఎవరికీ లేదు. తెల్లారగట్ల ఆవిడ రేవులో ఉండాలి, వేటకెళ్ళేవాళ్ళు గాలీవానా చూసుకోవాలి. ఎనిమిదింటికి డిపో, వేలిముద్ర మిషను పనిచెయ్యాలి. పదింటికి బడి. మధ్యాహ్నం తన అరుగు మీద నెత్తళ్ళ చేపలు ఆరబోసుకుంటుంటే, దూరదేశం పనులకి పోయిన మొగుళ్ళతో మాట్లాడుకోడానికి ఆడవాళ్ళు చుట్టూ చేరతారు. సాయంత్రం కుర్రాళ్ళు. ఆవిడ ఎటు పోతే ఊరు అటు. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఒక్క పూటైనా ఒంటరిగా కూచుని ఎరగదు.

ఆవిడే ముందు గుర్తుపట్టింది.

"ఓలమ్మో, అప్పుడొచ్చిన బాబువి గాదేటి నువ్వు? మా అరుగు మీద కూకుని సల్ల తాగినావు. రెండు గలాసులు."

స్టాన్లీకి గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండునని కూడా అనిపించింది.

మూడేళ్ళ కిందట మే నెల, మిట్టమధ్యాహ్నం. ఇసుక పెనంలా కాలిపోతోంది. "ఈ ఎండలో ఏటి తిరుగుతావు బాబూ, కూకో" అని ఈవిడే పిలిచింది. అతను కూచున్నాడు. నలభై నిమిషాలు ఊరంతా నడిచి కొలవాల్సినవాడు, నలభై నిమిషాలూ ఆ అరుగు మీదే ఫోన్లు పరిచి, చల్ల తాగి, పళ్ళెంలో పెట్టిన తాటిముంజెలు తిని, లెక్కలు పూర్తిచేసుకుని లేచాడు. ఫోన్లు పరుగులు తీశాయి. ఇంత మంచి నెట్ ఉన్న ఊరికి మళ్ళీ టవరెందుకని లోపల నవ్వుకుంటూ, అడిగినావిడకి మాత్రం వస్తుందిలే అని చెప్పి, పచ్చచుక్క పెట్టేసి వెళ్ళిపోయాడు. తర్వాత జనం ఫోన్ల నుంచి వచ్చిన లెక్కలు మాత్రం ఇంకోలా ఎందుకుంటాయి? ఇసకలపేటలో ఫోను పనిచేసేదే చిన్నతల్లి పక్కన. పనిచెయ్యని చోటినుంచి ఫోను ఏమని చెబుతుంది? మూడేళ్ళూ కంపెనీ ఒక ముసలమ్మని కొలిచి ఊరు బాగుందనుకుంది.

"టవరొస్తాదన్నావు గదా. మూడేళ్ళయినాది. ఏటయినాది బాబూ?" అంది చిన్నతల్లి.

"పైన కంపెనీవాళ్ళు చూడాలి పెద్దమ్మా. మా చేతుల్లో ఏముంది" అన్నాడు స్టాన్లీ. నోరు అంత తేలిగ్గా ఎలా తిరిగిందో అతనికే తెలీలేదు.

మధ్యాహ్నం ఆవిడ అరుగు మీదకి చేరింది. ఎవరి ఫోనూ మోగక ముందే తన ఫోను తీసి చెల్లెలికి వీడియో కలిపింది. చెల్లెలు గౌరిది శృంగవరపుకోట. ఊపిరందని జబ్బుతో నాలుగు నెలలుగా మంచం మీద ఉంది. తెర మీద ముక్కుకి గొట్టంతో, చిక్కిపోయిన మొహంతో కనబడింది. బొమ్మ ఎంత తేటగా ఉందంటే దిండు మీద నూనె మరక కూడా తెలుస్తోంది.

"అప్పా, ఎప్పుడొస్తావే?"

"ఈ గాలి పోనీయే, వచ్చెత్తాను."

"ఎప్పుడూ ఏదో ఒక గాలి నీకు. నువ్వొచ్చేసరికి నానే గాల్లో కలిసిపోతాను సూడు."

"ఒసే, నోరు ముయ్యి! సచ్చేదాని మాటలు నువ్వూను. తిన్నావా?"

"తిన్నానులే. అప్పా, నీ సేత్తో తలకి నూని రాయించుకోవాలనున్నాదే. కోడలు మంచిదే గానీ దాని సెయ్యి మొరటు. బుర్ర అదిరిపోతాది."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే గౌరికి దగ్గొచ్చింది, కొడుకు సాయికిరణ్ వచ్చి ఫోను తీసుకున్నాడు.

"వెళ్ళి చూసి రావచ్చు కదా పెద్దమ్మా" అన్నాడు స్టాన్లీ. అనకుండా ఉండాల్సింది.

చిన్నతల్లి చేపలు తిరగేసింది. ఎదురింటి గుమ్మంలో చేట పట్టుకుని నిలబడ్డ మనిషిని కళ్ళతో చూపించింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, నుదురు బోసిగా ఉంది.

"అదుగో, భారతి. రెండేళ్ళయినాది బాబూ. మేనల్లుడి పెళ్ళని ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, ఇజినగరం ఎల్లినాను. ఆ రోజే గాలి మెసేజి వచ్చినాదట. నాను ఊళ్ళో నేకపోతిని గదా, ఎవులికీ అందనేదు. దీని పెనిమిటి ఏటకెల్లిపోనాడు. తెప్ప దొరికినాది, మనిషి దొరకనేదు. ఊళ్ళో ఒక్కలూ నన్నొక్క మాటన్లేదు. అన్నా బాగుణ్ణు. అప్పట్నించి తోట దాటనేదు నాను."

స్టాన్లీ లెక్క వేశాడు. కొలిచి మూడేళ్ళు, ఆ మనిషి పోయి రెండేళ్ళు. మధ్యలో ఏడాది ఉంది. టవరు కట్టడానికి నాలుగు నెలలు చాలు. అక్కడితో లెక్క ఆపేశాడు.

"పెద్దమ్మా, ఒక పని ఉంది" అన్నాడు. "ఈ ఊళ్ళో నెట్ లేదని నేను రాసిస్తే, తుఫాన్ల కాలం కాబట్టి రెండు రోజుల్లో లారీ మీద టవరు పంపుతారు. పక్కా టవరు వచ్చేదాకా అది ఉంటుంది. నువ్వు ఊళ్ళో ఉన్నా లేకపోయినా ఫోన్లు పనిచేస్తాయి."

చిన్నతల్లి చెయ్యి చేపల మీదే ఆగిపోయింది. "నిజిమేటి? అయితే రాసీ బాబూ! లారీ ఇటు రాగానే నానటు బస్సెక్కెత్తాను."

"రేపే పంపిస్తాను" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు. అబద్ధమాడే మనిషి కాడు స్టాన్లీ. ఇంటికొచ్చి ఫారం తెరిచాడు. అన్నీ నింపాడు. ఒక గడి మిగిలింది: పాత కొలతకీ కొత్త కొలతకీ తేడా ఎందుకొచ్చింది? దానికున్నది ఒకటే జవాబు. అప్పుడు నడవలేదు, కూచున్నాను. ఆ ముక్క రాస్తే కిందనే తన సంతకం. ఇవాళ ఇరవై నాలుగు, భోగాపురం ఆర్డరు ఒకటిన. ఎనిమిది రోజులేగా, ముసలమ్మ మూడేళ్ళు ఆగింది, ఇంకో ఎనిమిది రోజులు ఆగలేదా అని ఫారం మూసేశాడు.

షాలిని ఊరుకోలేదు. రెండో రోజు అడిగింది, నాలుగో రోజు అడిగింది. ఆరో రోజు గరిట గట్టుమీద పెట్టి మరీ అడిగింది.

"ఒక్క వాక్యం రాయడానికి ఎన్నాళ్ళండీ?"

"ఒకటో తారీకు దాటనీ."

"ఆవిడ చెల్లెలికి ఆ సంగతి చెప్పొచ్చారా? ఒకటో తారీకు దాకా ఉండమ్మా అని?"

స్టాన్లీ కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ మాట అతనికి కోపం తెప్పించింది గానీ ఫారం తెరిపించలేదు. చూశారా, మనిషి ఎంత తెలివిగలవాడో. తన తప్పుకి కూడా మంచిరోజు చూసి ముహూర్తం పెట్టుకున్నాడు.

ఒకటో తారీకు పొద్దున్న తొమ్మిదింటికి ఆర్డరు వచ్చింది. తొమ్మిదిన్నరకి స్టాన్లీ ఫారం పంపాడు. గడిలో ఉన్నదున్నట్టు రాశాడు. కళ్యాణ్ ఫోన్ చేసి కేకలేశాడు, "ముందే చెప్పి ఏడవచ్చుగా" అన్నాడు, చివరికి ఎల్లుండికి లారీ పంపిస్తానన్నాడు. స్టాన్లీ గుండెమీంచి బండ దిగినట్టయింది. ఈ కబురు తానే చెప్పాలని, ఆర్డరు కాగితం జేబులో పెట్టుకుని, సంచి తగిలించుకుని ఇసకలపేట వెళ్ళాడు. దారిలో అరకిలో కాజాలు కూడా కొన్నాడు.

అరుగు చుట్టూ ఊరంతా ఉంది. ఎవరి చేతిలోనూ ఫోను లేదు. భారతి ఒక్కత్తే ఒక ఫోను రెండు చేతులా పట్టుకుని, చిన్నతల్లి మొహానికెదురుగా మోకాళ్ళ మీద కూచుని ఉంది.

తెర మీద గౌరి ఉంది. కళ్ళు సగం మూసుకున్నాయి. ఛాతీ పైకి లేచి, చాలాసేపు ఆగి, కిందికి దిగుతోంది.

"గౌరీ, ఒసే గౌరీ, నానే. అప్పని. ఇటు సూడే."

గౌరి కళ్ళు తెర వైపు తిరిగాయి. పెదాలు కదిలాయి. చిన్నతల్లి చెయ్యి చాపి తెర మీద చెల్లెలి నుదుటి దగ్గర పెట్టి, వెనక్కి నిమిరింది. మళ్ళీ నిమిరింది. వేళ్ళు తగిలిన చోటల్లా బొమ్మ పెద్దదవుతోంది, భారతి పక్కనుంచి దాన్ని మళ్ళీ చిన్నది చేస్తోంది. చిన్నతల్లి నిమురుతూనే ఉంది. ఛాతీ ఒకసారి పైకి లేచింది, దిగింది, ఇక లేవలేదు. సాయికిరణ్ ఏడుపు వినబడింది.

ఆ సేపంతా సంచిలో ఫోన్లు తమ పని తాము చేసుకుపోయాయి. పందొమ్మిది నిమిషాలు. బొమ్మ ఒక్కసారీ ఆగలేదు, మాట ఒక్కసారీ తెగలేదు. స్టాన్లీ పదకొండేళ్ళ ఉద్యోగంలో అంత మంచి లెక్క ఎప్పుడూ చూడలేదు.

చిన్నతల్లి ఏడవలేదు. లేచి లోపలికెళ్ళి, చీర మార్చుకుని, చేతిసంచితో బయటికొచ్చింది. గుమ్మంలో ఆగి ఊరివైపు చూసింది. అడగడానికి నోరు రాలేదు ఆవిడకి. సముద్రం మీద మబ్బు పట్టి ఉంది, ఏడు పడవలు వేటలో ఉన్నాయి.

"ఎల్లు పెద్దమ్మా" అంది భారతి. "ఏటయితే అదవుతాది. ఎల్లు. సెల్లి మొకమైనా సూడు."

"నేను దింపుతాను, కారుంది" అన్నాడు స్టాన్లీ.

"వొద్దు బాబూ" అంది చిన్నతల్లి, అతని మొహంలోకి చూడకుండా. ఊళ్ళో ఆటో నడిపే సోములు బండి తీశాడు. ఇసుకలో నాలుగడుగులు తోసుకుని, తోటలోంచి వెళ్ళిపోయారు.

లారీ సంగతి చెప్పనేలేదు. కాజాల పొట్లానికి అరుగు మీదే చీమలు పట్టాయి. ఇక అక్కడ చెయ్యగలిగింది ఒక్కటే కనిపించింది స్టాన్లీకి. సంచి భుజాన వేసుకుని, మూడేళ్ళ కిందట నడవాల్సిన నడక మొదలుపెట్టాడు. మొదటి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. రెండో వీధి నడిచాడు. బడి వెనక్కి, డిపో ముందుకి, రేవు దాకా నడిచాడు. కళ్ళు మసకబారి ఎటు పోతున్నాడో కూడా సరిగా చూసుకోలేదు. నలభై నిమిషాలు పూర్తయ్యాక ఇసుకలో కూలబడి లాప్‌టాప్ తెరిచాడు.

ఊరంతా పచ్చచుక్కలు. తను నడిచిన ప్రతీ అడుగునా ఒకటి.

తలెత్తి చూస్తే ఇరవై మంది వెనకాలే వస్తున్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు వెలుగుతున్నాయి. చిన్నతల్లిని బస్సెక్కించి తిరిగొచ్చిన సోములు ముందున్నాడు.

"బాబూ, కూసింత ఆ గట్టు మీద నిలబడు. కళింగపట్నం రేవోలికి ఫోన్లో సెప్పి పడవలోలికి కబురెట్టుకుంటాం, గాలి లెగిసేలాగున్నాది" అన్నాడు.

స్టాన్లీ లేచి గట్టు మీద నిలబడ్డాడు. ఇది తనకెందుకొచ్చిందని అడగలేదు. సాయంత్రానికి ఏడు పడవలూ ఒడ్డుకి చేరాయి.

మర్నాడు కళ్యాణ్ ఫోన్ చేశాడు. "నిన్నటి నీ నడక లెక్క చూశాను. ఊరంతా పచ్చగా ఉంటే నెట్ లేదని ఎందుకు రాశావయ్యా? నాతో ఆటలా? లారీ ఆపేశాను. భోగాపురంలో ఎప్పుడు చేరుతున్నావ్?"

స్టాన్లీ ఆలోచించాడు. ఇక తను ఎక్కడ కొలిచినా పచ్చగానే ఉంటుంది. ఇసకలపేటని ఇంకో మనిషి వచ్చి కొలవాలి, అప్పుడు తను ఊళ్ళో ఉండకూడదు. కార్తీకం దాటి తుఫాన్లు తగ్గేదాకా తను ఊళ్ళో లేకపోతే పడవలు ఎలా?

"నేను చేరను సార్" అన్నాడు. "ఇంకెవర్నైనా పంపండి, నా కొలతలన్నీ కొట్టేసి మళ్ళీ కొలిపించండి. ఎప్పుడు వస్తారో ముందు చెప్పండి, ఆ గంట నేను తోట అవతలికి పోతాను."

షాలిని ఇసకలపేట వచ్చి బట్టలూ మందులూ ఇచ్చింది. తిట్టలేదు, మెచ్చుకోలేదు. వారానికోసారి వస్తానని చెప్పి, అతను మకాం పెట్టిన చిన్నతల్లి అరుగు కొంచెం ఊడ్చి వెళ్ళింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం స్టాన్లీ అరుగు మీద, చుట్టూ ఆడవాళ్ళు, మొగుళ్ళతో మాటలు. అతని ఫోను మోగింది. శృంగవరపుకోట నుంచి చిన్నతల్లి.

"బాబూ, పడవలన్నీ వచ్చినాయేటి?" గొంతు తెగుతూ వస్తోంది. "ఇక్కడ నా ఫోనుకి సిగ్నలు అందటం నేదు. మేడెక్కి మాటాడతన్నాను. మోకాళ్ళు పీకెత్తన్నాయి."

"అన్నీ వచ్చాయి పెద్దమ్మా. ఇక్కడ నేనున్నాను. నువ్వు కంగారుపడి రానక్కర్లేదు. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు అక్కడే ఉండు."



"ఉండొచ్చు బాబూ. నిన్ననే దినం అయిపోనాది. దాని మంచం కూడా ఎత్తేసినారు. ఇప్పుడుండి ఏటి సెయ్యమంటావు?"

స్టాన్లీ ఆడవాళ్ళ వైపు నుంచి పక్కకి తిరిగాడు. పదిరోజులుగా లోపల తిరుగుతున్న మాట మెల్లిగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నాడు.

"తప్పు నాది పెద్దమ్మా. కంపెనీది కాదు. అప్పుడు నేను నడిచి కొలవలేదు."

"ఏటి? ఇనబడటం నేదు."

"తప్పు నాది! ఊరంతా తిరగాల్సింది, నీ అరుగు మీద కూచుని పచ్చచుక్క పెట్టేశాను!"

చుట్టూ ఒక్కొక్కరే మాటలాపి ఇటు చూశారు.

"గట్టిగా సెప్పు బాబూ."

స్టాన్లీ లేచి నిలబడ్డాడు. చెయ్యి తీసేశాడు. "టవరు రాకపోవడానికి కారణం నేను! మూడేళ్ళ కిందట నేనే రానివ్వలేదు! మొన్న కూడా రేపే రాస్తానని చెప్పి, నా ఉద్యోగం కోసం ఎనిమిది రోజులు రాయలేదు!"

ఆ కేక రేవు దాకా వినబడి ఉంటుంది. చేపలు తిరగేస్తున్న చేతులు ఆగిపోయాయి. ఎదురింటి గుమ్మంలోంచి భారతి లేచి, రెండడుగులు ముందుకొచ్చి, అతన్నే చూస్తూ నిలబడింది. అతను ఆవిడ వైపు చూడలేకపోయాడు, చూడకుండా ఉండలేకపోయాడు.

"పెద్దమ్మా? వినబడిందా?"

"ఇనబడినాది బాబూ" అంది చిన్నతల్లి. "మొదటిసారే ఇనబడినాది."